కుడిచేతికి కోత పెట్టేలోపు

నా కుడిచేతి బొటనవేలి కింద కండ కరిగిపోయిందని ముందు కనిపెట్టింది డాక్టరు కాదు, నా మనవరాలు. ఓ రోజు కారులో పక్కన కూర్చుని నా రెండు అరచేతులూ తిప్పి చూసి, "అమ్మమ్మా, ఇక్కడ గుంట ఉంది. ఆ చేతికి లేదు," అంది. వయసు మీద పడితే అలాగే ఉంటుందిలే అన్నాను. అప్పటికి రెండేళ్లుగా ఆ చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మొదట్లో విదిలిస్తే పోయేది. తరవాత విదిలించినా పోలేదు. చపాతీ పిండి పిసకడం వల్ల అనుకున్నాను. అమెరికాలో ఈ ట్రాయ్ ఊరి చలి వల్ల అనుకున్నాను. గుంటూరు గోదాముల్లో ఇరవై ఏళ్లు మిరపకాయలకు తొడిమలు తుంచిన చేయి, ఇప్పుడు అలిగిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆస్పత్రి అంటారు. ఆస్పత్రి అంటే నా కూతురు ఆఫీసు మానాలి. అల్లుడు వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు మీద ఉన్నాడు, రెండు వారాలకోసారి వచ్చి పోతాడు. ఇంట్లో కారు నడిపే మనిషి అది ఒక్కతే.

దాచినంత కాలం దాచాను. చేతిలోంచి పాలగిన్నె జారి నేలంతా పాలయ్యాక ఇక దాచలేకపోయాను.

చేతుల డాక్టరు చిన్న వయసామె. వేళ్లకు కరెంటు తగిలించి, సూదులు గుచ్చి పరీక్ష చేయించింది. బొటనవేలి కింద గుంటలో తన వేలు పెట్టి నొక్కింది. తరవాత ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. అమ్మాయి అంతా విని నాకు చెప్పింది ఇంతే: "మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందంటమ్మా. చిన్న కోత పెట్టి వదులు చేస్తారు. పది నిమిషాల పని. అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు."

అంతసేపు మాట్లాడితే అర్థం ఇంతేనా అనిపించింది. కారెక్కాక అడిగాను.

"ఇంకేం చెప్పింది?"

"అంతేనమ్మా."

స్కూలు నుంచి నేరుగా మాతో వచ్చిన మనవరాలు వెనక సీట్లోంచి, "నో మామ్, ఇంకోటి కూడా చెప్పింది," అంది.

"నువ్వు ఊరుకో."

"అమ్మమ్మ హ్యాండ్, అమ్మమ్మకి చెప్పాలి కదా. అమ్మమ్మా, పెయిన్ పోతుంది. ఫీలింగ్ మేబీ రాదు. చాలా లేట్ అయింది అంట. ఆ మజిల్ కూడా రాకపోవచ్చు అంది."

అమ్మాయి స్టీరింగు మీద చేతులు బిగించి రోడ్డు వైపే చూస్తోంది. "దాన్ని చూసి నేర్చుకో," అన్నాను. "అడిగినదానికి జవాబు చెప్పింది." బయటికి అలా అన్నాను కానీ, ఇల్లు చేరేదాకా కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో మూసుకునే కూర్చున్నాను, ఎవరో లాక్కుపోతున్నట్టు.

ముసలిదానికి ఒక చేతి వేళ్లు మొద్దుబారితే ఏమైంది అని మీరు అనుకోవచ్చు. అందరూ అదే అన్నారు. నాకు అక్షరాలు అరవై మూడేళ్లకు వచ్చాయి. అంతకుముందంతా వేలిముద్రే. అమ్మాయిని బళ్లో వేసినప్పుడు వేలిముద్ర. దాని కాలేజీ కాగితాల మీద వేలిముద్ర. పాస్‌పోర్టుకి వేలిముద్ర. ఇంకు ప్యాడు దొరికేదాకా నిలబడటం, పనయ్యాక వేలు ఎక్కడ తుడవాలో తెలియక కొంగు చివరకే తుడుచుకోవడం. ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టులో సూట్లు వేసుకున్నవాళ్లు కూడా వరసగా వేళ్లు పెడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. మిరపకాయలకు అరిగిపోయిన నా వేళ్లను ఆ మిషను పట్టలేదు. తుడిచి తుడిచి మళ్లీ మళ్లీ పెట్టించారు.

మనవరాలికి ఆరేళ్లప్పుడు దాన్ని ఇక్కడి గుడి కింది గదిలో ఆదివారం తెలుగు క్లాసులో వేశారు. ఒక్కతే కూర్చోనని పేచీ పెడితే తోడుగా నేనూ చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను. పాఠం చెప్పేది కార్ల కంపెనీలో పనిచేసే ఒక ఇంజనీరు. నాకూ ఒక పలక ఇచ్చాడు, ఊరికే కూర్చోవడమెందుకు అమ్మగారూ అని. అలా పట్టుకున్నాను పలక. పిల్లది ఎడమచేతి వాటం. బలపం ఎడమచేత్తోనే పట్టేది. నేను తీసి కుడిచేతిలో పెట్టేదాన్ని. అది మళ్లీ మార్చేది. నేను దాని మణికట్టు మీద ఒకటి తగిలించేదాన్ని. ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. ఎడమచేయి ఏ పనికి ఉందో మనకు తెలుసు, ఆ చేత్తో ముద్దేమిటి, ఆ చేత్తో అక్షరమేమిటి అని నా వాదన. మూడు నెలలకు పిల్ల క్లాసుకి రానని ఏడ్చింది. మానేసింది. నేను మానలేదు. మూడేళ్లు వెళ్లాను. పిల్ల ఫెయిలు, ముసలిది పాసు అని అల్లుడు హాస్యమాడేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ తరవాత నోటుపుస్తకాలు నింపడం మొదలుపెట్టాను. ఇక్కడి తెలుగువాళ్లు వేసే పత్రికలో నా రాతలు రెండు అచ్చయ్యాయి కూడా. ఆ చేయి పోతే నేను మళ్లీ వేలిముద్రకే పోతాను. ఆ వేలికీ ఇప్పుడు స్పర్శ లేదు.

ఇదీ నా భయం. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగే చిల్లర భయాలు.

ఆ చిల్లర భయాలకు మాత్రం ఏర్పాట్లు చేసుకోవచ్చు. చేసుకున్నాను. రెండు వారాలు చేయి తడపకూడదు, బరువు ఎత్తకూడదు అన్నారు. చీర కట్టుకోవడం కుదరదు కనుక ముందు గుండీలుండే నైటీలు నాలుగు తెప్పించుకున్నాను. తీరా చూస్తే ఒంటి చేత్తో గుండీలు పడలేదు. వాటిని పక్కన పడేసి, తల మీంచి వేసుకునేవి తెప్పించాను. కుడిచేతికున్న రెండు గాజులు సబ్బు రాసి, నూనె రాసి, అమ్మాయి లాగుతుంటే నేను పళ్లు బిగపట్టి తీయించుకున్నాను. మణికట్టు చుట్టూ తెల్లటి గుర్తు మిగిలింది. కోత పడేది సరిగ్గా అక్కడే. ఒక వారానికి సరిపడా పప్పు, పులుసు, గోంగూర వండి డబ్బాల్లో పోసి ఫ్రీజరులో పెట్టాను. గడ్డకట్టిన పప్పు తినే రోజు నాకూ వచ్చింది. వండుతుంటే పోపు గరిటె రెండుసార్లు జారింది. వేలు కాలింది. కాలినట్టు వాసన వచ్చాక తెలిసింది.

అన్నం సంగతే తేలలేదు. అమ్మాయి, "నేను కలిపి తినిపిస్తానుగా," అంది.

"నాకు నోట్లో పెట్టే రోజు వస్తే అప్పుడు చూద్దాం. ఇంకా రాలేదు."

"రెండు వారాలకి అంత పట్టుదలేంటమ్మా?"

"రెండు వారాలని నీకెవరు చెప్పారు? ఆ డాక్టరు చెప్పిందా, నువ్వు చెబుతున్నావా?"

ఆ రోజు నుంచే ఎడమచేత్తో చెంచా పట్టడం మొదలుపెట్టాను. పెరుగన్నం నోటిదాకా వచ్చి గడ్డం మీద పడేది. ఎదురుగా కూర్చుని తింటున్న మనవరాలు నా వైపు చూడకుండానే, "లెఫ్ట్ హ్యాండ్‌తో తినకూడదు కదా, అమ్మమ్మా. తప్పు కదా," అంది. అది తన ఎడమచేత్తోనే ఫోర్కు పట్టుకుని ఉంది. నేను గడ్డం తుడుచుకున్నాను.

కోత చూడలేనని, నిద్రపుచ్చమని అడిగింది నేనే. చేతికి మాత్రం మత్తిచ్చి మెలకువగానే చేయొచ్చని డాక్టరు ముందే చెప్పింది. నేను ఒప్పుకోలేదు. సరే, కొంచెం నిద్రమందు ఇస్తాం, అయితే అర్ధరాత్రి నుంచి ఏమీ పుచ్చుకోకూడదు అన్నారట. అమ్మాయి ముందురోజు ఆఫీసు ఫోను చెవికి పెట్టుకునే నాకు చెప్పింది. "అమ్మా, రేపు నీకు ఉపవాసం. ఏం తినకూడదు. గుర్తుందిగా?"

ఉపవాసం నాకొకరు నేర్పాలా. శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు, అన్నీ ఉన్నదాన్నే. పొద్దున్నే లేచి తలంటు పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, గ్లాసుడు కాఫీ తాగాను. మా ఇళ్లల్లో ఉపవాసానికి అన్నం పనికిరాదు, ఉప్పు తగిలినది పనికిరాదు. పాలు, పళ్లు, కాఫీ ఎప్పుడూ ఉన్నవే. కాఫీ గ్లాసు కడిగి బోర్లించాను. ఎవరూ చూడలేదు. చూడకూడని పని చేస్తున్నానని నాకు తెలిస్తే కదా.

అక్కడికి వెళ్లాక నర్సు నాకొక గాజుపలక లాంటిది ఇచ్చింది. మీ ఇష్టంతోనే చేయించుకుంటున్నట్టు సంతకం పెట్టండి అని. పెన్ను అడిగితే, పెన్ను లేదు, వేలితో పెట్టండి అంది. అంత కష్టపడి నేర్చుకున్న సంతకం చివరికి వేలితోనే. నా వేలు అద్దానికి తగిలిందో లేదో కూడా నాకు తెలియలేదు. కళ్లతో చూసుకుంటూ గీశాను. ఒక వానపాము పడింది. నర్సు థ్యాంక్యూ అంది.

తరవాత ప్రశ్నలు. అమ్మాయి తెలుగులో నన్ను అడిగి, ఇంగ్లీషులో ఆమెకు చెబుతోంది. చివరిసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అన్నప్పుడు మాత్రం నన్ను అడగకుండానే రాత్రి ఎనిమిదింటికి అని చెప్పేసింది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు.

"పొద్దున కాఫీ తాగాను కదా," అన్నాను.

అమ్మాయి నా వైపు తిరిగింది. "ఏంటి?"

"కాఫీ. గ్లాసుడు."

"పాలు పోశావా?"

"పాలు పొయ్యకుండా కాఫీ ఏమిటే?"

అది కళ్లు మూసుకుంది. నర్సు మా ఇద్దరినీ చూస్తోంది. అమ్మాయి అబద్ధం చెప్పొచ్చు. చెబుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. చెప్పలేదు, నిజమే చెప్పింది. నర్సు వెళ్లి మత్తిచ్చే డాక్టరును తీసుకొచ్చింది. మత్తులో కడుపులోని పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని ఆయన మర్యాదగా చెప్పాడు. ఆ రోజు మిగతా సమయాలన్నీ వేరేవాళ్లకు ఇచ్చేశారు. మళ్లీ దొరికేది ఐదు వారాల తరవాతే. నా చేతికి కట్టిన కాగితపు పట్టీని కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో వేశారు.

కారెక్కి ఇంటిదారి పట్టాం. అమ్మాయి పది రోజులు సెలవు పెట్టింది. వాళ్ల ఆఫీసులో ఆ నెలలోనే మనుషులను తీసేస్తున్నారు. అలాంటప్పుడు మేనేజరును బతిమాలి తెచ్చుకున్న సెలవు. ఇప్పుడు వెళ్లి, మా అమ్మ కాఫీ తాగింది, మళ్లీ ఇవ్వండి అని చెప్పాలి.

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అంది, "కాఫీ కోసం."

"ఉపవాసం అన్నది నువ్వు."

"మంచినీళ్లు కూడా వద్దని చెప్పాల్సింది నేను. అదేగా నీ మాట?"

"నేనేమీ అనలేదు."

"అనకపోయినా అన్నట్టే ఉంటుందమ్మా నువ్వు కూర్చుంటే."

అది నిజమే. నేను భయపడకుండా ఉంటే నిద్రమందు ఉండేది కాదు, నిద్రమందు లేకపోతే ఉపవాసం ఉండేది కాదు. రెండేళ్లు దాచకుండా ఉంటే అసలు ఇంతదాకా వచ్చేది కాదు. ఇవన్నీ కారులో కూర్చునే లెక్క తేల్చుకున్నాను. అమ్మాయికి చెప్పలేదు. క్షమించమని కూడా అనలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

ఆ ఐదు వారాల్లో చేయి ఇంకా దిగజారింది. లేక నేనే దాన్ని చూస్తూ కూర్చోవడం వల్ల అలా అనిపించిందో. పెన్ను పట్టుకుంటే ఉన్నట్టు తెలియదు. పెన్నుకు గుడ్డపీలిక చుట్టి లావు చేశాను. రబ్బరు బ్యాండుతో వేళ్లకు కట్టుకున్నాను. అర పేజీ రాసేసరికి ఒత్తులు కింది వరసలోకి జారిపోయేవి. ఫ్రీజరులో దాచిన పప్పు కోతకు ముందే తిని అవగొట్టాం. ఆ డబ్బాలు ఖాళీ అవుతుంటే నా ధైర్యం కూడా వాటితోనే ఖాళీ అయినట్టనిపించేది. దేవుడి ముందు కూర్చున్నా ఏం కోరుకోవాలో తెలిసేది కాదు. నొప్పి పోవాలని కోరుకుంటే అది ఎలాగూ పోతుందన్నారు. మిగతాది అడిగితే, ఆలస్యం చేసింది నువ్వే కదా అంటాడేమోనని అడగలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం మనవరాలు వంటింటి బల్ల మీద లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. అది ఎడమచేత్తో రాస్తోంది. కాగితాన్ని కుడివైపుకు వాల్చి పెట్టింది. చేయి గీతకు కిందుగా ఉంది, అందుకని ఇంకు అంటుకోవడం లేదు. పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆ పిల్ల రాస్తుంటే చేయి మార్చడానికి చూశానే తప్ప, ఎలా రాస్తోందో ఒక్కనాడూ చూడలేదు.

"నాకు ఎడమచేత్తో రాయడం చూపించు," అన్నాను.

అది తలెత్తింది. "నువ్వు నన్ను కొట్టావు, అమ్మమ్మా. తెలుగు క్లాస్‌లో."

"కొట్టలేదు. తట్టాను."

"కొట్టావు. హ్యాండ్ మీద. ఎవ్రీ సండే."

నేను కాసేపు బల్ల మీది గీతలు చూశాను. "కొట్టాను," అన్నాను.

"ఓకే," అంది అది. అంతే. కోపంగానూ లేదు, జాలిగానూ లేదు. తన నోటుపుస్తకం మూసి పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం నా ముందు వాల్చి పెట్టింది. "పేపర్ ఇలా టర్న్ చెయ్. నో, ఇటు. పెన్ అంత గట్టిగా పట్టుకోకు. ఇట్స్ నాట్ గోయింగ్ ఎనీవేర్."

'అ' రాశాను. సున్న చుట్టబోతే చేయి వెనక్కి తిరిగింది. చెప్పు కింద పడి నలిగిన మిరపకాయలా వచ్చింది.

"అదేంటి?" అంది.

"అ. నువ్వు నేర్చుకున్నావుగా."

"గుర్తు లేదు." నిజంగానే గుర్తు లేదు దానికి. ఒక్క అక్షరమూ లేదు. తనకు తెలియని అక్షరాన్ని నాతో దిద్దిస్తోంది, చేయి ఎక్కడ ఆనాలో, పెన్ను ఎక్కడ ఆపాలో చెబుతూ. ఒక గంట కూర్చుంది. మధ్యలో ఫోను రెండుసార్లు మోగినా తీయలేదు.

"నేను రాసినవన్నీ ఆ అలమరలో ఉన్నాయి," అన్నాను. "నువ్వు చదవలేవు కదే."

"నువ్వు చదువు. నేను రికార్డ్ చేస్తా."

"నా గొంతు మిగులుతుంది. నా రాత?"

అది భుజాలు ఎగరేసింది. చదవలేని పిల్లను చేసింది నేను. ఇక అడగడానికి నాకేం మొహం ఉంది.

ఆ మర్నాడు అమ్మాయితో చెప్పాను, డాక్టరుకి ఫోను చెయ్యి, నిద్రమందు వద్దు, మెలకువగానే చేయించుకుంటాను అని. అమ్మాయి ఫోను పెట్టేసి, అలా అయితే కాఫీ తాగి రావచ్చంట అంది. చెప్పేటప్పుడు దాని పెదవి కొంచెం వంకర పోయింది. నవ్వుకో, ఏడుపుకో నాకు తెలియలేదు. దానికి ఈసారి దొరికింది రెండు రోజుల సెలవు. మిగతా రోజులు మనవరాలు స్కూలు నుంచి వచ్చేదాకా నేను ఒక్కదాన్నే. నైటీలు మడిచి మంచం మీద పెట్టాను. చెంచా బల్ల మీద ఎడమవైపు పెట్టాను. మళ్లీ పప్పు వండలేదు. వండే ఓపిక లేదు.

రేపు పొద్దున తొమ్మిదింటికి. కోత పెడుతుంటే చూస్తాను. అది నా చేయి, నేను చూడకపోతే ఎవరు చూస్తారు. బాగవుతుందని నాకు నమ్మకం లేదు. డాక్టరు కూడా ఆ మాట అనలేదు, అమ్మాయి ఒక్కతే అంటోంది.

గాజుపలక మీద సంతకం మళ్లీ పెట్టమంటారు. ఈసారి ఎడమచేతి వేలితో పెడతాను. ఏం గీసినా దానికి ఒకటే అని పోయినసారే చూశాను.

ఇందాకటి వరకూ రబ్బరు బ్యాండు కట్టుకుని కుడిచేత్తో రాశాను. ఈ నాలుగు ముక్కలూ ఎడమచేత్తో రాస్తున్నాను. ఒక్కో అక్షరం పావుపేజీ తింటోంది. అమ్మాయి టైపు చేసి పత్రికకు పంపుతుంది. అచ్చులో అన్నీ ఒకేలా ఉంటాయి. ఎక్కడ చేయి మారిందో మీకు కనపడదు.